కొంచెం పంచదార

మా హైస్కూల్ ఇంగ్లీషు టీచరు గారు పోయారని ఫోనొచ్చినప్పుడు నేను రాజమండ్రి బస్టాండులో నిలబడి టీ తాగుతున్నాను. వెంటనే వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను.

ఆవిడ ఎప్పుడూ నిలబడి టీ తాగేవారు కాదు. నాకేమో ఏదీ నిదానంగా చేయడం రాదు. "కూర్చుని తాగవే అమ్మాయ్, ఈ కూర్చోవడం ఊరికే రాలేదు" అనేవారు.

ఎలా వచ్చిందో ఓసారి క్లాసులో చెప్పారు. ఆవిడ డిగ్రీ చదివే రోజుల్లో మా ఊరి కాలవ లాకుల దగ్గరి టీ హోటల్లో మా దళితపేట వాళ్ళకు వేరే గ్లాసు ఉండేది. చూరు కింద దూలానికి కొట్టిన మేకుకు వేలాడేది. తాగినవాళ్ళే కడిగి తగిలించాలి. బెంచీ మీద కూర్చోకూడదు. కాలేజీ లైబ్రరీలో, ఓ పాత పత్రికలో ఆవిడొక ఫోటో చూశారు. అమెరికాలో తెల్లవాళ్ళకే వడ్డించే హోటల్లో నల్లజాతి విద్యార్థులు లేవకుండా కూర్చున్నారు. వాళ్ళలో ఓ అమ్మాయిది తన ఈడే. వెనక నిలబడ్డవాళ్ళు ఆమె నెత్తిన పంచదార కుమ్మరిస్తున్నారు.

మర్నాడే ఈవిడ పుస్తకం పట్టుకెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు.

"ఏంటమ్మా, మీ గ్లాసు అక్కడుంది కదా" అన్నాడు హోటలాయన.

"అందరి గ్లాసులోనే ఇవ్వండి. ఇచ్చేదాకా చదువుకుంటానండి."

"కలెక్టరు గారొచ్చారు, లేవండ్రోయ్!" అన్నారెవరో. అందరూ నవ్వుతూ బెంచీ ఖాళీ చేశారు.

ఇంకోరోజు పుస్తకం మీద వేడి టీ ఒలకబోశారు. ఆ ఊడ్పులకు వాళ్ళింట్లో ఎవరినీ పనికి పిలవలేదు. అమ్మ ఏడ్చింది. నాన్న మాత్రం "వెళ్ళమ్మా, వేళైపోతోంది" అన్నాడట.

కోతలొచ్చేసరికి పేట కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. బెంచీలన్నీ నిండిపోయాయి. చివరికి ఓ పొద్దున్న హోటలాయన అందరూ తాగే గ్లాసు తెచ్చి ఆవిడ ముందు టక్కున పెట్టాడు. ఆవిడ ఓ గుక్క తాగి, "కొంచెం పంచదార తక్కువైందండి" అన్నారు.

ఆయన గ్లాసు తీసుకెళ్ళి, పంచదార వేసి, కలిపి తెచ్చాడు.

అప్పటికి ఆవిడకు ఇప్పటి నాకంటే తక్కువ వయసు.

తర్వాతెప్పుడో హోటలుకు రేకులు వేస్తూ మేకు పీకబోతే ఆవిడే ఆపారు. "ఉండనివ్వండి, పిల్లలకు చూపించాలి."

ఫోనొచ్చిన రోజు సాయంత్రం ఆవిడను లాకుల మీదుగానే శ్మశానానికి తీసుకెళ్ళాం. హోటల్లో టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పక్కన పెట్టి, బెంచీల మీంచి లేచి నిలబడ్డారు. వాళ్ళ తలల పైన, పాత దూలానికి ఆ మేకు. దానికి ఏమీ వేలాడటం లేదు.