పసుపు టేపుకు దూరంగా తీసిన ఫోటో

ఈ రోజు డెట్రాయిట్‌లో ఒక సెనేట్ అభ్యర్థి సభకు మా పేపర్ తరఫున వెళ్లాను. ఫోటోగ్రాఫర్లు నిలబడాల్సిన చోట నేల మీద పసుపు టేపు అంటించారు. అందరం అక్కడి నుంచే తీస్తే రేపు అన్ని పేపర్లలోనూ ఒకే ఫోటో వస్తుంది. అందుకే మెల్లగా హాలు వెనక్కి జారుకున్నాను. అక్కడ ఆ అభ్యర్థి టై వదులు చేసుకుని, మెట్ల మీద ఒంటరిగా కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. ఇలాంటి ఫోటో ఇంకెవరికీ దొరకదని ఫిల్మ్ రోల్ మొత్తం అవగొట్టాను.

తిరిగి వస్తుంటే ఆయన ప్రెస్ సెక్రటరీ ఎదురై అడిగింది.

"లైట్ సరిపోయిందా? నిన్నటి సభలో ఇలాగే తీసిన ఫోటోగ్రాఫర్ డార్క్‌గా ఉందన్నాడు. అందుకే ఇవాళ ఒక మెట్టు పైన కూర్చోబెట్టాం."

వెనక్కి వెళ్లి నేను నిలబడిన చోటు చూశాను. అక్కడా పసుపు టేపు ఉంది.

నాకు అన్నిటి మీదా అనుమానమేనని మా ఆవిడ దెప్పుతుంది. మీరే చెప్పండి, ఆ శాండ్‌విచ్ అయినా ఆయన నిజంగా తిన్నాడంటారా?