ముట్టుకోవద్దన్న డబ్బా

ప్రతి ఆదివారం స్నానం కాగానే ప్రూఫ్‌రీడర్ పెద్దాయన కంప్యూటర్‌లో ఉన్నదంతా ఒక డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసేవాడు. దాన్ని కళ్లజోడు గుడ్డతో తుడిచి, ‘ముట్టుకోవద్దు’ అని చీటీ అంటించిన డబ్బాలో పెట్టి, బీరువాలో దాచేవాడు. పన్నెండేళ్లుగా ఆయన కూర్చుతున్న నిఘంటువు అందులో ఉండేది. ఒక గురువారం కంప్యూటర్ పూర్తిగా పాడైపోయింది. ఆయనేమీ కంగారుపడలేదు. పక్కింటివాళ్ల కంప్యూటర్‌కు డ్రైవ్ తగిలిస్తే పదకొండు సినిమాలు కనిపించాయి. డబ్బా మీద చీటీ మాత్రం చెక్కుచెదరలేదు.

“అడిగితే ఇవ్వవు కదన్నయ్యా! ఎలాగూ అంతా కంప్యూటర్‌లో ఉందిగా అని మొన్ననే చెరిపేశా,” అన్నాడు తమ్ముడు. బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో పెద్దాయన చెప్పింది అతనొక్కడికే. “అది పోతే ఇదుంటుందనే కదరా దాచుకున్నాను,” అన్నాడాయన మెల్లగా. ఇప్పుడు తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉంటోంది. నిఘంటువు మళ్లీ ‘అ’ దగ్గరుంది.