బాతుల భాష వచ్చిన ఆయమ్మ

ఆ బడిలో ఆయమ్మకు తెలియని మూల లేదు. ఏ బెంచీ కాలు కుంటుతుందో, ఏ గది తలుపు వానాకాలంలో ఉబ్బిపోయి మూసుకోనని మొరాయిస్తుందో, ఏ పంతులమ్మకు ఏ పీరియడుకు తలనొప్పి మొదలవుతుందో అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. పంతొమ్మిదేళ్లుగా పొద్దున్నే గేటు తాళం తీసేదీ ఆమే, సాయంత్రం ఆఖరి పిల్లను సాగనంపి తాళం వేసేదీ ఆమే. పడ్డవాళ్లను లేపి దుమ్ము దులిపేది, ముక్కులు తుడిచేది, ఊడిన జడలు అల్లేది. "ఆయమ్మ సెలవు పెడితే నాకు కాళ్లూ చేతులూ ఆడవు" అని పెద్ద టీచరమ్మ వచ్చినవాళ్లందరితోనూ అనేది.

ఇంతమంది నోళ్లలో నానే ఆయమ్మ గురించి ఒక్క సంగతి మాత్రం బడిలో ఎవరికీ తెలియదు. ఆమెకు బాతుల భాష వచ్చు.

ఊరి చివర రాళ్ల క్వారీలు ఉన్నాయి. అక్కడి పనికి ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వచ్చి రేకుల షెడ్లలో ఉంటాయి. వాళ్ల మాట కాస్త ముక్కులోంచి వస్తుంది, మాట చివర గొంతు పైకి లేస్తుంది. ఊళ్లోవాళ్ల చెవులకు అది బాతులు అరిచినట్టు వినిపించింది కాబోలు, ఎవరో ఎప్పుడో ఆ పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది. అసలు పేరేమిటని అడిగినవాళ్లు లేరు.

ఆయమ్మ పుట్టింది ఆ షెడ్లలోనే. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి తండ్రి పోయాక, తొమ్మిదేళ్ల పిల్లను తల్లి ఊళ్లో బట్టలు కుట్టే ఒక ముసలావిడ ఇంట్లో దిగబెట్టింది. పిల్లాపాపా లేని ఆ కుట్టుపని పెద్దమ్మ ఈ బడిలోనే చేర్పించింది. మొదటి రోజు దాహమేసింది. లేచి నిలబడి, తనకు వచ్చిన ఒక్క భాషలో నీళ్లు అడిగింది. క్లాసంతా "క్వా, క్వా" అని గొల్లుమంది. పంతులుగారు మంచివాడే. ఆయన కూడా నవ్వాపుకోలేక పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ రోజు ఆ పిల్ల నీళ్లు తాగకుండానే ఇంటికి వెళ్లింది. ఆ తర్వాత రెండు నెలలు బడిలో నోరు విప్పలేదు, వింటూ కూర్చుంది. విప్పిన నాటికి ఊరి మాట ఊరివాళ్లకన్నా శుభ్రంగా వచ్చింది.

మరుసటేడు ఒక మధ్యాహ్నం తల్లి బడికి వచ్చింది. గేటు ఊచలు పట్టుకుని, కూతుర్ని ముద్దు పేరుతో, తమ భాషలో గట్టిగా పిలిచింది. పక్కనున్న స్నేహితురాలు, "ఎవరే ఆవిడ? నిన్నేనా?" అంది.

"ఏమో. ఎవరికోసం వచ్చిందో."

తల్లికి ఊరి మాట అంతంతమాత్రం. ఆ ముక్క మాత్రం అర్థమైనట్టుంది. తెచ్చిన చిన్న మూట గేటు పక్కన పెట్టి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మూటలో కొత్త గౌను ఉంది. ఆ తర్వాత ఆమె పెద్దమ్మ ఇంటికి రెండు మూడు సార్లు వచ్చింది గానీ బడి ఛాయలకు రాలేదు. క్వారీ మూతపడ్డాక పనివాళ్లతో పాటు ఎటో వెళ్లింది. పోయిందన్న కబురు ఏడాది ఆలస్యంగా అందింది. అప్పటికి కూతురికి పెళ్లయింది, కడుపుతో ఉంది. వెక్కి వెక్కి ఏడుస్తూ కూడా ఆ భాషను బయటికి రానివ్వలేదు.

ఇదంతా పాత కథ. మూడేళ్ల కిందట క్వారీలు మళ్లీ తెరిచారు. షెడ్లు నిండాయి, పిల్లలు బడికి వచ్చారు.

బడి వాళ్లను కాదనలేదు. పలకలిచ్చింది, పుస్తకాలిచ్చింది. కూర్చోబెట్టింది మాత్రం వెనక గదిలో. అది అంతకుముందు విరిగిన బెంచీలు పడేసుకునే గది. "భాష వచ్చేదాకా అక్కడుంటారు, వచ్చాక ఇక్కడికి మారుస్తాం" అన్నారు. భాష వచ్చినవాళ్లు ఇవతల ఉంటే అవతల భాష ఎలా వస్తుందో ఎవరూ ఆలోచించలేదు. ఒకటో తరగతి పంతులమ్మ తన యాభై మందితో సతమతమవుతూనే రోజుకు రెండు సార్లు అటు పరుగెత్తి, బోర్డు మీద నాలుగక్షరాలు రాసి, "దిద్దండి" అని వచ్చేసేది. ఆవిడనీ అనడానికి లేదు.

ఆ గదిలో ఒక పిల్ల ఉండేది. ఏడేళ్లుంటాయి. ఇంట్లో బుల్లి అని పిలిచేవారు. బుల్లి గలగలా మాట్లాడేది, అదే చిక్కు. పంతులమ్మ రాగానే ఎదురెళ్లి ఏవేవో చెప్పేది. పంతులమ్మకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "సరే సరే, కూర్చో" అనేది. బుల్లి కూర్చునేది కాదు. మాట వినకుండా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"చూడు ఆయమ్మా, ఎంత మొండిదో! నేను మాట్లాడుతుంటే చెవి మూసుకుంటుంది" అని పంతులమ్మ వాపోయింది.

గది ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపలేదు. బుల్లి చెప్పింది ఆమెకు అక్షరం పొల్లుపోకుండా తెలిసింది. "టీచర్, నా చెవిలోంచి నీళ్లు కారుతున్నాయి. ఈ పక్క సరిగ్గా వినపడటం లేదు. మా అమ్మ మీకు చెప్పమంది." ఇదీ ఆ పిల్ల వారం నుంచి చెబుతున్నది.

ఆయమ్మ పిల్లను పంపు దగ్గరకు తీసుకెళ్లి, మెత్తటి గుడ్డతో చెవి తుడిచి, దూది పెట్టింది. ఏమీ మాట్లాడలేదు. బుల్లి ఆమె ముఖంలోకి చూసి తమ భాషలో, "నీకు తెలుస్తుందా?" అని అడిగింది. ఆయమ్మ తెలియనట్టు నవ్వి జుట్టు సవరించింది. అలా నవ్వడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

మరో నెలకు బడికి డాక్టరు వచ్చాడు. ఏడాదికోసారి వస్తాడు. వరండాలో బల్ల వేశారు. పిల్లలంతా వరసలో నిలబడ్డారు, వెనక గదివాళ్లు వరస చివర. ఆయమ్మ దూది పళ్లెం పట్టుకుని డాక్టరు పక్కన నిలబడింది. బుల్లి వంతు వచ్చేసరికి భోజనాల వేళయింది.

"ఏమ్మా, ఏమైనా బాధ ఉందా?" అన్నాడు డాక్టరు, నాలుక చూస్తూ.

బుల్లి చెప్పింది. చెవిలో ఏదో పాకుతున్నట్టుందని, పడుకుంటే తల లోపల కొడుతోందని, చీము వాసన వస్తోందని పక్క పిల్ల దూరం జరుగుతోందని ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

డాక్టరు తలెత్తాడు. "ఏమంటోంది ఈ పిల్ల? ఇక్కడ ఎవరికైనా వీళ్ల భాష వచ్చా?"

వరండాలో నలుగురు పంతులమ్మలున్నారు. ఎనభై మంది పిల్లలున్నారు. చూపించుకుని పక్కన నిలబడ్డ ఊరి పిల్లల్లో ఎవడో "క్వా" అన్నాడు. కిసుక్కుమని నవ్వులు. యాభై ఏళ్లు దాటిన ఆయమ్మ ఆ నవ్వుకు మళ్లీ తొమ్మిదేళ్ల పిల్ల అయిపోయింది. ఆమె పళ్లెంలోని దూది వైపు చూస్తూ నిలబడింది.

"ఎవరికీ రాదండీ" అంది పంతులమ్మ. "కాస్త మందబుద్ధి కూడా."

డాక్టరు కాగితం మీద టిక్కు పెట్టి, తరువాతి పిల్లను పిలిచాడు.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున బుల్లి వెనక గదిలో కూర్చున్నదల్లా పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. చెవి వెనక ఉసిరికాయంత వాపు. పెద్ద టీచరమ్మ అప్పటికప్పుడు ఆటో పిలిపించింది. ఆయమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, "ఎప్పటి నుంచి ఉంది? ఎక్కడ నొప్పి?" అని అడుగుతోంది. బుల్లి మూలుగుతూ ఏదో అంది.

"అమ్మ కావాలంటోంది" అంది ఆయమ్మ. "తల లోపల వెలుతురు గుచ్చుకుంటోందట. లైటు ఆపమంటోంది."

అని, వంగి, పిల్ల బాగున్న చెవి దగ్గర తమ భాషలో చెప్పింది. "భయపడకురా తల్లీ. మీ అమ్మకు కబురు పంపాం. నేనున్నాను." నలభై ఏళ్లకు పైగా నలుగురిలో పలకని ఆ మాటలు గొంతులో ఎక్కడా తడబడలేదు.

బుల్లి కళ్లు తెరిచి చూసింది. పెద్ద టీచరమ్మ కూడా చూసింది.

"నీకు ఈ భాష ఎలా వచ్చు?"

"మా అమ్మ భాషేనమ్మా."

పెద్ద టీచరమ్మ ఇంకేమీ అడగలేదు. అడిగుంటే బాగుండునని ఆయమ్మకు అనిపించింది.

చెవికి ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. క్వారీ నుంచి తల్లి తలనిండా రాతి పొడితో పరుగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ ఆమెకు విషయం చెప్పాలి. చెప్పడానికి భాష కావాలి. ఆయమ్మే ఉంది.

"ఆ చెవి ఇక వినపడదు" అంది డాక్టరమ్మ. "ఆరు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే మందులతోనే తగ్గిపోయేది. చెప్పు ఆవిడకి."

ఆయమ్మ చెప్పింది. ఒక్క మాట మింగలేదు, ఒక్కటి కలపలేదు.

తల్లి గోడకు ఆనుకుంది. "ఆరు నెలల ముందు బడికి డాక్టరు వచ్చాడంది గదా నా కూతురు. అంతా చెప్పానంది. ఆయన చూస్తాడని నేను ఊరుకున్నాను. ఆయనకు అర్థం కాలేదా?"

"ఆయనకు అర్థం కాలేదు" అంది ఆయమ్మ. "నాకు అర్థమైంది. నేను పక్కనే ఉన్నాను."

తల్లి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. శుభ్రమైన చీర, నున్నగా దువ్విన తల, మెడలో బడి తాళంచెవుల తాడు. "నువ్వు మా మనిషివేనా?" అని ఒక్క మాట అడిగింది. జవాబు కోసం ఆగకుండా కూతురి మంచం దగ్గరకు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆయమ్మ గడప మీదే కూలబడింది. బస్సు డ్యూటీ దిగి వచ్చిన భర్త చెప్పులు విప్పుతూ ఆగాడు. ఆమె అంతా చెప్పింది. ఆ భాష సంగతి చెప్పేటప్పుడు మాత్రం తల దించుకుంది.

"అది నాకు తెలుసులే" అన్నాడాయన. "అమ్మాయి పుట్టినప్పుడు నువ్వు నొప్పులు పడుతూ మీ అమ్మను ఏ భాషలో పిలిచావో గది బయట నిలబడి విన్నాను."

"మరి ఇన్నేళ్లూ ఎందుకడగలేదయ్యా?"

"నువ్వు దాచుకున్నావు గదా, దాచుకోనీలే అనుకున్నాను."

ఆమెకు ఆయన మీద కోపం వచ్చింది. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో అనిపించింది. అడిగినా చెప్పేది కాదని మరుక్షణం తనకే తెలిసింది.

పెద్ద టీచరమ్మ అందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. వెనక గది తీసేద్దామంది. ఒక పంతులమ్మ, "ఊళ్లో తల్లిదండ్రులు ఒప్పుకోరండీ. మా పిల్లల చదువు కుంటుపడుతుందంటారు" అంది. ఒకటో తరగతి పంతులమ్మ హాజరు పట్టీ తీసింది. అందులో బుల్లి పేరు పక్కన మందబుద్ధి అని తన చేత్తోనే రాసి ఉంది. ఆ పేజీ తెరిచి ముందు పెట్టుకుని కూర్చుంది.

టీ గ్లాసులు పట్టుకొచ్చిన ఆయమ్మ, ఎవరూ అడగకుండానే, తలుపు దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. నీళ్లు అడిగిన రోజు గురించి చెప్పింది. గేటు దగ్గర తల్లిని ఎరగనన్న రోజు గురించి చెప్పింది. దూది పళ్లెం గురించి చెప్పింది. "అప్పుడు నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. నవ్వారంతే. ఆ నవ్వుకే నేను ఇంత పని చేశాను. ఈ పిల్లలు ఏం చేస్తారమ్మా?" అంది. టీ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

వెనక గది మూసేశారు. ఇద్దరు క్వారీ పిల్లల మధ్య ఒక ఊరి పిల్ల వచ్చేట్టు కూర్చోబెట్టారు. రోజూ మొదటి రెండు గంటలు ఆయమ్మ చీపురు పక్కన పెట్టి ఒకటో తరగతిలో కూర్చునేది, ఈ మాట అటు, ఆ మాట ఇటు చెప్పేది. పంతులమ్మ కూడా ఒక నోటు పుస్తకంలో వాళ్ల మాటలు రాసుకుని పలికేది. తప్పు పలికితే పిల్లలు పడీ పడీ నవ్వేవారు. ఆవిడ కూడా నవ్వేది. కొంతమంది ఊరివాళ్లు పిల్లల్ని మానిపించి వేరే బడికి పంపారు. కొందరు పంపలేదు. రోజూ కబుర్లకొచ్చే ఎదురింటి అత్తయ్య, ఆయమ్మ షెడ్లలో పుట్టిందని తెలిశాక, ఇంతకుముందులా ఆమె ఇంటికి వచ్చి కూర్చోవడం మానేసింది.

బుల్లి నెల తర్వాత బడికి వచ్చింది. తలకు కట్టు, ఒక పక్క జుట్టు గొరిగేశారు. ఆయమ్మ ఎదురెళ్లి తమ భాషలో పలకరిస్తే, "నీకు అప్పుడు కూడా తెలుసు గదా" అంది. తిట్టినట్టు కాదు, ఊరికే తెలుసుకుందామన్నట్టు. ఆయమ్మ అవునంది. పిల్ల లోపలికి వెళ్లింది.

తల్లిదండ్రుల సమావేశాలకు క్వారీవాళ్లు రావడం మొదలైంది. బుల్లి తల్లి ప్రతిసారీ పని మానుకుని వచ్చేది. పంతులమ్మ ఎదురుగా కూర్చునేది. మధ్యలో ఆయమ్మ. తల్లి ఆయమ్మ వైపు ఒక్కసారి కూడా తల తిప్పేది కాదు. పంతులమ్మ కళ్లలోకే చూస్తూ చెప్పాల్సింది చెప్పేది. మధ్యలో ఎవరూ లేనట్టు, మాటలు వాటంతటవే అటు చేరుతున్నట్టు చెప్పేది.

"దీనికి ఎడమ చెవి పనిచెయ్యదు. కుడి పక్క నిలబడి పిలవండి."

"కుడి పక్క నుంచి పిలవమంటోంది" అని ఆయమ్మ పంతులమ్మకు చెప్పింది.

"ఊరికే నేల చూస్తూ కూర్చుంటే మొండితనం అనుకోవద్దు. వినపడలేదేమో అని మళ్లీ అడగండి."

ఆయమ్మ అదీ చెప్పింది. పంతులమ్మ తలూపి పుస్తకంలో రాసుకుంది. తల్లి లేచి, పంతులమ్మకు దణ్ణం పెట్టి, కూతురి కుడి చేతి పక్కకు వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆయమ్మ మెడలోని తాళంచెవులు సర్దుకుని, తరువాతి వాళ్లను లోపలికి రమ్మని వాళ్ల భాషలో పిలిచింది.