పైవాటాలో రెండ్రోజుల అద్దె

పద్నాలుగు నెలల్లో మూడో కాపురం కూడా సామాను సర్దుకుని మెట్లు దిగిపోయింది. దిగేముందు పైవాటాలో అద్దెకున్న బ్యాంకు గుమాస్తా ఇంటావిడ కండక్టరమ్మ చేతిలో తాళాలు పెట్టి, "ఇంటికి వంక పెట్టడానికి లేదండీ, మాకే ఆఫీసు దూరమైపోయింది" అన్నాడు. పక్కనున్న అతని భార్య తలెత్తి చూడలేదు. ఇంతా చేసి వాళ్ళు వెళ్ళిందెక్కడికయ్యా అంటే, అదే వీధిలో నాలుగిళ్ళ అవతలికి. అంటే ఆఫీసుకి ఇంకో నాలుగిళ్ళు దూరం! ఇదెక్కడి విడ్డూరమో కండక్టరమ్మకి అంతుబట్టలేదు.

ఆవిడ రిటైరై మూడేళ్ళయింది. అయినా వీధి మొత్తానికీ కండక్టరమ్మే. ముప్పయ్యేళ్ళపాటు కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా వినపడేలా అరిచిన గొంతు అది. ఉద్యోగం అయిపోయిందని గొంతు తగ్గుతుందా? ఆవిడ గుసగుసగా చెప్పిన రహస్యం ఎదురింటివాళ్ళు విని, అనుమానాలుంటే అడిగి తీర్చుకునేవాళ్ళు. ఆవిడ భర్త దీనికి పూర్తిగా వ్యతిరేకం. గడియారాల రిపేరు ఆయన పని. ముందు గదిలో బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుంటాడు. రోజు మొత్తమ్మీద ఆయన మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇల్లు కండక్టరమ్మా, వేరే ఊళ్ళో నర్సుగా పనిచేసే ఆవిడ చెల్లెలూ కలిసి కట్టుకున్నది. కింద వీళ్ళుంటారు, పైవాటా అద్దెకిస్తారు. పైన కాపురాలు నిలవకపోయేసరికి చెల్లెలికి విసుగొచ్చింది.

"అక్కా, ఇంక నావల్ల కాదు" అంది ఫోన్లో. "రెండు నెలలు చూద్దాం. నిలకడగా ఉండేవాళ్ళు దొరికారా సరే, లేదా అమ్మేద్దాం. కొనేవాళ్ళు కాచుక్కూర్చున్నారు."

"అమ్మడమా? ఈ గోడలకి నీళ్ళు కొట్టింది నేనే! ఇసక జల్లించింది నేనే!"

"నేను కాదన్నానా? మనుషులుండని ఇల్లు పెట్టుకుని ఏం చేసుకుంటాం చెప్పు."

కండక్టరమ్మకి గుండెల్లో రాయి పడింది. కానీ ఆవిడ కూర్చుని ఏడ్చే రకం కాదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఇంటిమీద పడింది.

మొదట పైవాటా పడగ్గది గోడ మీది చెమ్మ మచ్చ. ఇంతకుముందు రెండుసార్లు దాని మీద రంగు పులిమేసింది. పులిమిన ప్రతిసారీ నాలుగు నెలలకి అది మళ్ళీ పైకి తేలింది, అదీ మునుపటికన్నా పెద్దదై. ఈసారి ప్లంబరు బ్రష్షు ముట్టుకోనివ్వలేదు.

"మచ్చకి మందేస్తే ఏం లాభమమ్మా? నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ముందు అది చూడాలి."

మేడమీదికెక్కి వెతికితే, ట్యాంకు నుంచి దిగే పైపు అతుకు దగ్గర బొట్టుబొట్టుగా కారుతోంది. అతుకు మార్పించి, పెచ్చులు గీకించి, పన్నెండు రోజులు గోడని ఊరికే వదిలేశారు. కండక్టరమ్మ రోజూ వెళ్ళి జ్వరం చూసినట్టు గోడ మీద అరచెయ్యి ఆనించి చూసేది. పూర్తిగా ఆరాకే రంగు వేయించింది. పనిలో పనిగా పైవాటా నీళ్ళకి విడిగా ఓ వాల్వు పెట్టించింది. ఇకమీదట పైన కుళాయి చెడితే ఇల్లంతా నీళ్ళు కట్టేయక్కర్లేదు. కుళాయిల వాషర్లు చెడినవీ చెడనివీ అన్నీ ఒకేసారి మార్పించింది. తలుపు తాళం కూడా కొత్తది బిగించింది. అంతా అయ్యాక నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇప్పుడెవడు వంక పెడతాడో చూస్తా!" అంది.

భర్త భూతద్దం తీశాడు. "వెళ్ళినవాళ్ళూ వంక పెట్టలేదుగా" అన్నాడు.

"అయితే ఎందుకు పోయినట్టు?"

"బాగుచేసిన గడియారాన్ని ఓ రోజంతా నా దగ్గర పెట్టుకుని వింటాను. ఆ తరవాతే ఇస్తాను. నువ్వూ పైన రెండ్రోజులు ఉండి చూడు."

ఆయన ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడాడంటే విషయం చిన్నది కాదన్నమాట. కండక్టరమ్మ చాప, దుప్పటి, బకెట్టు, రెండు గిన్నెలు పట్టుకుని తన ఇంట్లోనే తను అద్దెకి దిగింది.

అప్పుడు బయటపడ్డాయండీ బండారాలన్నీ! దీపం స్విచ్చు తలుపు వెనకాల ఉంది. చీకట్లో లోపలికొచ్చినవాళ్ళు తలుపేసి, తడుముకుని, ఆపైన వెలుగు చూడాలి. స్నానాల గదిలో బట్టలు తగిలించుకోవడానికి ఒక్క కొక్కెం లేదు. చీర భుజాన వేసుకుని స్నానం ఎలా చేస్తారు, ఆవిడే చెప్పాలి. పైగా నేల వాలు తూము వైపు కాకుండా గుమ్మం వైపుంది. స్నానం చేసిన నీళ్ళు గదిలోకి బయల్దేరాయి. వంటింటి అలమర మూల ఆవిడ నుదుటికి సరిగ్గా తగిలింది. "ఓరి నీ దుంప తెగ! పదేళ్ళుగా ఇంతమంది తలలు పగలగొట్టావా?" అని అలమరని తిట్టింది. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళకి గోడల రంగు కనపడుతుంది గానీ, కొక్కెం లేదన్న సంగతి ఒళ్ళు తడిసినవాళ్ళకే తెలుస్తుంది. కనపడ్డవన్నీ ఆవిడ పాత టిక్కెట్టు ముక్క వెనకాల రాసుకుంది. కాపురాలు నిలవకపోవడానికి ఇవే కారణమనుకుని హాయిగా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి స్నానాల గదిలో పళ్ళు తోముకుంటోంది. పక్కనే ఎవరో చెంచా కిందపడేశారు. ఆవిడ ఉలిక్కిపడి చుట్టూ చూసింది. ఎవరూ లేరు. తరవాత భర్త దగ్గు వినిపించింది, ఆ తరవాత ఫోను మోగింది.

"అక్కేది బావా?" స్పీకరులోంచి చెల్లెలి గొంతు. పక్కన నిలబడి మాట్లాడినట్టే ఉంది.

"పైన అద్దెకుంది."

కండక్టరమ్మ నోట్లో బ్రష్షుతో అలాగే నిలబడిపోయింది. గదికి పైన చిన్న వెంటిలేటరు ఉంది. దాని అవతల పైపులు దిగే ఇరుకు సందు, మేస్త్రీలు డక్టు అనేది. ఆ సందు తిన్నగా కింద తన వంటింటి కిటికీ పక్కకి దిగుతుంది. కింద మాట్లాడింది గొట్టంలో పెట్టి పంపినట్టు పైకొస్తోంది.

"బావా, నువ్వైనా చెప్పు. అమ్మేస్తే పోలా?"

కుర్చీ జరుపుకున్న చప్పుడైంది. తరవాత ఆయన నెమ్మదిగా అన్నాడు. "చూడమ్మా, మీ అక్క ముప్పయ్యేళ్ళు రోజుకి కొన్ని వందలమందితో మాట్లాడిన మనిషి. ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. నేనా, మాట్లాడను. పైన ఎవరో ఒకరు లేకపోతే ఆవిడ ఉండలేదు. వాళ్ళని తిట్టనీ, పొగడనీ. ఇల్లు అమ్మకండి."

కండక్టరమ్మ కళ్ళు చెమర్చాయి. పెళ్ళయిన ముప్పయ్యారేళ్ళలో ఆ మనిషి తన గురించి ఇంత మాట్లాడగా వినలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి మధ్యలో ఆగిపోయింది. ఆయన గొంతే ఇంత బాగా వినపడితే, తన గొంతు?

రోజూ పొద్దున్న ఏడింటికి రాత్రి డ్యూటీ దిగిన చెల్లెలు ఫోన్ చేస్తుంది. తను ఫోను కిటికీలో పెట్టి, స్పీకరు వేసి, కూరలు తరుగుతూ మాట్లాడుతుంది. సరిగ్గా పైవాళ్ళు ఆఫీసుకి తయారయ్యే వేళ! పైవాళ్ళ మాటలు తనకెప్పుడూ ఎందుకు వినపడలేదంటారా? తన నోరు మూతపడితే కదా వినపడడానికి.

ఏమేం మాట్లాడింది తను? "పైనాయన స్నానం చేస్తాడో, చెరువులో గేదెలా దొర్లుతాడో, ట్యాంకు ఖాళీ!" అంది. "ఆ పిల్ల గిన్నెలు తోమదే, వాటితో కుస్తీ పడుతుంది" అంది. చెల్లెలు పగలబడి నవ్వి ఇంకో రెండు కలిపింది. అదంతా పోనీలే అనుకోవచ్చు. వాళ్ళున్న ఆఖరివారం అన్న మాటే గుచ్చుకుంది. "పైపిల్ల కళ్ళు వాచిపోయి కనపడిందే. మొగుడు ఏడిపించి ఉంటాడు. చూడ్డానికి మెతగ్గా ఉంటాడు గానీ, నాకు తెలీదూ?" ఆ మొగుడు అప్పుడు ఇదిగో, ఇక్కడే నిలబడి నెత్తిన నీళ్ళు పోసుకుంటూ ఉండుంటాడు. కండక్టరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

దబదబా మెట్లు దిగింది. "ఏవండీ! ఆ డక్టులోంచి అన్నీ వినపడతాయని మీకు తెలుసా?"

"మొన్న వెంటిలేటరు తుడుస్తుంటే నీ దగ్గు వినపడింది. అనుమానమొచ్చింది."

"మరి చెప్పొద్దూ!"

"నేను చెప్తే నమ్ముతావా?"

"అయితే ఇందాకటిది... నేను వింటానని తెలిసే అన్నారా?"

ఆయన భూతద్దం తగిలించుకుని, "ఈ గడియారం ఎందుకో తడబడుతోంది" అంటూ బల్ల మీదికి వంగిపోయాడు.

వెంటనే ప్లంబరుని పిలిచి డక్టు మూసెయ్యమంది. అతను ససేమిరా అన్నాడు. "గాలి ఆడే దారి అదొక్కటేనమ్మా. మూస్తే ఆర్నెల్లలో గోడలన్నీ బూజు పడతాయి. పడగ్గది మచ్చ పోయిందనుకుంటే స్నానాల గదిలో మొదలవుతుంది."

"మరి దారేంటయ్యా?"

ప్లంబరు తల గోక్కున్నాడు. "కింద మాట్లాడ్డం తగ్గించుకోవడమేనమ్మా." ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఇంత కష్టమైన రిపేరు ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

స్నానాల గది వాలు సరిచేయించి, స్విచ్చు జరిపించి, కొక్కేలు కొట్టించి, అలమర మూల గుండ్రంగా చెక్కించింది. కానీ అసలు పని మిగిలే ఉంది. చెల్లెలికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి, "అమ్మేద్దాం అమ్మేద్దాం అంటున్నావే, ఆ కాపురాల్ని సగం వెళ్ళగొట్టింది నీ నవ్వే!" అంది. అవతల్నుంచి, "అయ్యో అక్కా... నేనతన్ని గేదెకన్నా ఘోరంగా ఏదో అన్నట్టున్నానే" అని చిన్నగా వినిపించింది.

సాయంత్రం కండక్టరమ్మ నాలుగిళ్ళ అవతలికి నడిచి వెళ్ళింది. గుమాస్తా భార్యే తలుపు తీసింది.

"అమ్మాయ్, కూర్చోను. నిలబడే చెప్పేస్తాను. నేనన్నవన్నీ నీకు వినపడ్డాయని మొన్నటిదాకా నాకు తెలీదు. తెలిస్తే అనేదాన్ని కాదనను, మెల్లగా అనేదాన్నేమో. కానీ మీ ఆయన గురించి అన్నది మాత్రం తప్పు. పాపిష్టి నోరు. క్షమించు తల్లీ."

ఆ అమ్మాయి తలుపు పూర్తిగా తెరిచింది. "అప్పుడు మా అమ్మకి ఆపరేషను పిన్నిగారూ. ఆయన రెండు రాత్రులు నిద్రపోకుండా నాతో కూర్చున్నారు. ఆ పొద్దున్నే మీ మాట విన్నారు" అంది. కండక్టరమ్మ నోట మాట రాలేదు. వీధిలో ఎవరూ ఎప్పుడూ చూడని వింత అది. "అమ్మకెలా ఉంది?" అని మాత్రం అడిగింది, అదీ నిజంగానే మెల్లగా.

"బానే ఉంది." ఆ అమ్మాయి లోపలికి చూపించింది. వంటింట్లో కుళాయి కింద బకెట్టు, బకెట్టులో టప్ టప్ మని నీళ్ళు. "పదకొండు రోజులైంది పిన్నిగారూ. ఇంటాయన చాలా మర్యాదస్తుడు. ఎప్పుడు చెప్పినా రేపంటాడు. మీరు పొద్దున్న తిట్టినా, సాయంత్రానికి కుళాయి బాగుచేయించేవారు."

కండక్టరమ్మ ఆ బకెట్టు వైపు చూసింది. చేతులు దురద పెట్టాయి. "పాతగుడ్డ ఒకటి తే అమ్మాయ్. నా సంచీలో వాషరుంది."

మూడు వారాల తరవాత బ్యాంకు గుమాస్తా సామాను అదే వీధిలో నాలుగిళ్ళు వెనక్కి వచ్చింది. దింపుతూ అతను, "ఆఫీసు దగ్గరవుతుందండీ" అన్నాడు, నవ్వాపుకుంటూ. అమ్మకం మాట చెల్లెలు మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు పొద్దుటి ఫోను పైవాళ్ళు ఆఫీసుకెళ్ళాకే, అదీ వీధరుగు మీద.

వాళ్ళొచ్చిన మర్నాడు పొద్దున్న ఏడింటికి కండక్టరమ్మ వంటింట్లో పెదాలు బిగించి కూరలు తరుగుతోంది. ఇంట్లో గడియారాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆయన తలుపు దగ్గరకొచ్చి ఆవిణ్ణి దిగులుగా చూసి వెళ్ళాడు. నిమిషాలు గడవడం లేదు. అంతలో డక్టులోంచి ఆ అమ్మాయి గొంతు దిగింది.

"పిన్నిగారూ! ఒంట్లో బావుందా? ఏం వినపడట్లేదు, మాకు భయమేస్తోంది!"

కండక్టరమ్మ కత్తి కింద పెట్టింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఊపిరి గట్టిగా పీల్చి, మూడేళ్ళుగా వాడని మాట ఒకటి పైకి విసిరింది.

"రైట్! రైట్!"

పైన ఇద్దరూ నవ్వడం మొదటిసారి ఆవిడకి వినపడింది.