ఉతకని స్వెటర్

మా అత్తగారు నలభై ఏళ్లుగా లాండ్రీలో ఇస్త్రీ చేస్తున్నారు. అక్కడ ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ మడతల మామ్మే. చొక్కా చేతికొస్తే ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు. వరస తప్పిన పనిపిల్లకి ఆ పూట అక్షింతలే. ఇంట్లోనూ ఆవిడ మాటే చట్టం. నాకూ నోరు తక్కువేం కాదు కాబట్టి, కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ మా ఇద్దరికీ ఉప్పూ నిప్పే.

క్రిస్మస్ వచ్చిందంటే ఇంకో చట్టం. ఆ రోజు పొద్దున్నే ఇంట్లో ప్రతి ఒక్కరూ తమ వస్తువు ఒకటి ఎవరికైనా ఇవ్వాలి. చిరిగిందీ విరిగిందీ చెల్లదు.

"ఇస్తుంటే గుండె కలుక్కుమనాలే. అనలేదంటే అది ఇవ్వడం కాదు, పారెయ్యడం. ఆ తర్వాత ఓ సంతోషం వస్తుంది చూడూ!" అని నా కూతురికి చెప్పేవారు.

దానికి ఎనిమిదేళ్లు. పోయినేడు రంగు పెన్సిళ్ల డబ్బా ఇచ్చేసి రెండు రోజులు ముఖం మాడ్చుకుంది. సంతోషం జాడ నాకెక్కడా కనబడలేదు. పసిదానికి ఎందుకత్తయ్యా ఈ నీతులు అంటే, నీకు అర్థం కాదులే అన్నారు.

నా భర్త, ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు, రెండేళ్ల కిందట నాలుగు రోజుల జ్వరంతో పోయారు. ఆయన బూడిదరంగు స్వెటర్ ట్రంకుపెట్టెలో ఉండేది. ఊరందరి బట్టల మురికీ వదిలించే చోట పనిచేసే మనిషి, ఆ ఒక్కదానికి మాత్రం నీళ్లు తగలనివ్వలేదు. కలరా ఉండలు కూడా వెయ్యనివ్వలేదు, ఆయన వాసన పోతుందని. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను ఎదురు చెప్పలేదు. ఎవరికి వాళ్లం తలుపు వేసుకుని పెట్టె తెరిచేవాళ్లం, రెండోవాళ్లు చూడనట్టు ఊరుకునేవాళ్లు. నా కూతురూ తెరుస్తుందని మాకు తెలియదు.

ఈసారి పండగనాడు చర్చి నుంచి వచ్చి పెట్టె తీశాను. స్వెటర్ లేదు.

"ఏమే, నాన్న స్వెటరేదీ?"

"పొద్దున్నే గేటు తాతకిచ్చేశా."

గేటు తాతంటే లాండ్రీ కాపలాదారు, అక్కడే గేటు పక్క గదిలో ఉంటాడు. అబద్ధమెందుకు, దాని వీపు మీద ఒక్కటి చరిచాను. "ఎవర్నడిగి ఇచ్చావే?"

అది వెక్కుతూ, "అందులో నాన్న వాసనొస్తుంది. నాకన్నిటికన్నా అదే ఇష్టం. కలుక్కుమనేదే ఇవ్వాలని నానమ్మే చెప్పింది కదా!" అంది.

"విన్నారా? ఇంకా నేర్పండి!" అని అత్తగారి మీద విరుచుకుపడ్డాను.

ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా గుమ్మం దిగారు. "తెచ్చేస్తాను. ఇచ్చింది తిరిగి అడగడం సిగ్గుమాలిన పనే. అయినా అడుగుతాను."

ఆవిడ చట్టాన్ని ఆవిడే మీరడం నేను చూడటం అదే మొదలు. నేనూ పిల్లా వెనకాలే పరుగెత్తాం.

గేటు పక్క గది ముందు తీగ మీద స్వెటర్ వేలాడుతోంది, నీళ్లు కారుతూ.

"రా అక్కా!" అన్నాడు గేటు తాత, ముఖమంతా నవ్వుతో. "నీ మనవరాలు బంగారం. రేపు మా అమ్మాయింటికి ఇదేసుకునే వెళ్తా. కాస్త శుభ్రంగా ఉంటుందని ఉతికేశా."

అత్తగారు దగ్గరికెళ్లి తడి ఉన్నికి ముఖం ఆనించారు. చాలాసేపు తియ్యలేదు. నేనూ పక్కకి వెళ్లి చూశాను. ఉత్త సబ్బు వాసన. ఇంక తిరిగి అడిగి తెచ్చుకోవడానికి అందులో ఏముంది?

"ఉన్ని బట్టని ఇలా వేలాడదీస్తారటయ్యా? సాగి గోనెసంచీ అయిపోతుంది." ఆవిడ దాన్ని తీగ మీంచి తీశారు. "ఓ తువ్వాలు తే."

స్వెటర్‌ని తువ్వాల్లో చుట్టి నొక్కి నీళ్లు తీశారు. బల్ల మీద పరిచి చేత్తోనే సర్దారు. ముందు మెడ, తర్వాత భుజాలు, ఆ తర్వాత ఒక చెయ్యి. అక్కడ ఆగిపోయారు.

నా కూతురు ఆవిడ కొంగు పట్టుకుని, "నానమ్మా, ఆ సంతోషం ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

"తెలీదమ్మా," అన్నారు. "నాకూ ఇంకా రాలేదు."

రెండో చెయ్యి నేను సర్దాను.