రత్నం మేడం, గద్దలు, సాయంత్రం విమానం

విశాఖపట్నం నుంచి సాయంత్రం విమానంలో హైదరాబాదు బయలుదేరుతున్నాను. నా ముందు వరసలో ఒక పెద్దావిడ సంచిని ఎవరో పై అరలోకి ఎక్కించారు. మరుక్షణం ఎండు నెత్తళ్ల చేపల వాసన గుప్పుమంది. చుట్టుపక్కల చీర కొంగులూ చేతిరుమాళ్లూ ముక్కుల మీదికి చేరాయి. నా పక్కన మధురవాడ కంప్యూటర్ ఆఫీసు కార్డు మెడలోంచి ఇంకా తీయని కుర్రవాడు, "ఇలాంటివి విమానంలోకి తేకూడదని గవర్నమెంటు రూలు పెట్టాలండీ!" అన్నాడు. వాడలా చిరాకుపడుతుంటే నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. నాకు రత్నం మేడం గుర్తొచ్చింది. ఆవిడ గుర్తొస్తే నేను కుదురుగా కూర్చోలేను. అసలు ఈ సాయంత్రం విమానం ఉన్నదే ఆవిడ వల్ల. చేపల వల్ల ఇంచుమించు చేజారిపోయి, మళ్లీ ఆ చేపల వల్లే చేతికొచ్చిన విమానం ఇది.

అవి తొంభైల చివరి రోజులు. ప్రైవేటు విమానాలు ఎగరడం దేశానికింకా కొత్త. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీలుప్లాంటులో చేరిన మా నాన్నగారికి నేను విమాన కంపెనీ ఉద్యోగానికి వెళ్లడం బొత్తిగా ఇష్టం లేదు. "గాలిలో దీపం అంటే విన్నాను గానీ, గాలిలో ఉద్యోగం ఇదే చూడ్డం," అన్నారు. ఆయన మాట వినకుండానే వెళ్లాను. విమానాశ్రయంలో మా కంపెనీ ఆఫీసు ఒక ఇరుకు గది. అందులో స్టేషన్ మేనేజరు, అంటే మా ఊళ్లో కంపెనీకి పెద్ద, నూకరత్నం గారు. భీమునిపట్నం తీరంలో చేపల వేట మీద బతికే ఇంట్లో పుట్టి, స్కాలర్‌షిప్పుల మీద చదివి పైకొచ్చిన మనిషి. నీటుగా పిన్ను పెట్టిన చీర, కాళ్లకు ఆటల బూట్లు. సముద్రపు హోరు మీద పడవల వాళ్లను కేకేసి పిలిచిన గొంతు కదా, గదిలో మెల్లగా మాట్లాడినా బయట లోడర్లకు వినబడేది.

ఇంటర్వ్యూలో ఆవిడ నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. దానికి ముందు సంగతి వివరించింది. మా ఊరి రన్‌వే రక్షణ శాఖది. పౌర విమానాలకు అందులో కొన్ని గంటలే ఇస్తారు, అవి మధ్యాహ్నంతో సరి. పొద్దున హైదరాబాదు వెళ్లినవాడు పని చూసుకుని అదే రోజు ఇల్లు చేరే దారి లేదు. సాయంత్రం ఒక విమానానికి అనుమతి కోసం ఢిల్లీతో కొట్లాడుతోంది మా కంపెనీ. అంతా చెప్పి, "ఇప్పుడు సెప్పమ్మా, ఆ అనుమతి మనకి ఎందుకు ఇవ్వకూడదో," అంది.

"ఎందుకివ్వాలో కదండీ చెప్పాలి?" అన్నాను తెల్లబోయి.

"అది నాకు తెలుసు. నువ్వు గవర్నమెంటు. ఇలాగొచ్చి కూకో," అంటూ ఆవిడ లేచి తన కుర్చీ చూపించింది. నేను బిక్కుబిక్కుమంటూ కూర్చుని, చీకట్లో దిగడం ప్రమాదమనీ, రన్‌వే వాళ్లకు వాళ్ల పనులుంటాయనీ ఏదో నసిగాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఔను! అవతలోడి మాట ఆడికంటే బాగా నువ్వు సెప్పాల. అప్పుడే నీ మాట ఆడు ఇంటాడు. రేపట్నుంచి వొచ్చీ."

ఆ కుర్చీ మా ఆఫీసులో పెద్ద ఆచారం. వారానికోసారి, మధ్యాహ్నం విమానం వెళ్లిపోయాక, తలుపు వేసి సర్కారు ఆట ఆడేవాళ్లం. కుర్చీలో కూర్చున్నవాళ్లు ప్రభుత్వం, మిగతావాళ్లం మొరపెట్టుకునే జనం. కాదనడం ఎంత సుఖమో ఆ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది! లోడర్ల సూపర్‌వైజరు అప్పారావు ఎక్కాడంటే మరి దిగేవాడు కాదు. మేమేం చెప్పినా కాళ్లు చాపుకుని, "రేపు రండి," అనేవాడు. మేము పొట్ట పట్టుకుని నవ్వుతుంటే మేడం మాత్రం ఒప్పుకునేది కాదు. "అప్పారావూ, అది కారణం కాదు. గవర్నమెంటోళ్లూ మనుషులే, ఆళ్ల భయమేటో సెప్పు," అని నిలదీసేది. అలా భయాలన్నీ ఒక్కొక్కటీ బయటికి లాగి, చివరికి ఒక పెద్ద భయం దగ్గర ఆగాం. అది పక్షులు. విమానాశ్రయం చుట్టూ బురద నేలలు, ఊళ్లో ఎక్కడ చూసినా చేపలు. సాయంత్రాలు గద్దలూ కొంగలూ ఎగురుతుంటే ఇంజనులోకి ఒక్కటి దూరినా చాలు, కొంప మునుగుతుంది.

సరిగ్గా అప్పుడే మా హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది. ఒక్క పగటి విమానంతో విశాఖ గిట్టుబాటు కావడం లేదట. సాయంత్రం విమానానికి అనుమతి వస్తే సరి, లేకపోతే ఇక్కడి స్టేషన్ మూసేస్తారట. ఆ సంగతి తేల్చడానికి ఢిల్లీ నుంచి ప్రభుత్వ కమిటీ వస్తోందట. మేడం ఫోను పెట్టేసి, మా అందరి ముఖాలూ చూసి, "ఏటలా సూత్తన్నారు? సావు కబురేటి ఇది? కమిటీ వొత్తంది, మనకి పని దొరికింది!" అంది. అప్పుడు చూడాలి ఆవిడ పరుగు. సాయంత్రం విమానం మాకూ కావాలని ఉత్తరాలు రాయించుకోవడానికి పొద్దున డాక్టర్ల దగ్గర, మధ్యాహ్నం రొయ్యల ఎగుమతిదారుల దగ్గర. ఆ తర్వాత రన్‌వే కొస అవతల చేపల వ్యర్థాలు పారబోసే వ్యాపారుల దగ్గర. ఆవిడ వాళ్లనేమీ దబాయించలేదు. వాళ్ల ఇబ్బందేమిటో ముందు తనే చెప్పింది, తర్వాత మా కంపెనీ చేత మూతలున్న గోతులు తవ్వించింది. కొద్ది వారాల్లో ఆ దిక్కున ఆకాశం తేటపడింది. నేను రోజూ ఆఫీసుకు నడవడం మానేసి పరిగెత్తడం మొదలుపెట్టాను. నాన్నగారు చూసి, "దీనికి జీతం ఇస్తున్నారా, రెక్కలిస్తున్నారా?" అని అమ్మనడిగారట.

కమిటీ వచ్చింది. దాని పెద్ద రామనాథం గారు తెనాలి వైపు మనిషి, ఏళ్ల తరబడి ఢిల్లీలో ఉన్నవారు, మితభాషి. మేడం వాళ్లను రన్‌వే అంచు దాకా తీసుకెళ్లి, మూతగోతులు చూపించి, చెయ్యి పైకెత్తి, "చూడండి సార్, ఒక్క గద్ద లేదు," అంది. ఆ చెయ్యి ఇంకా దించలేదు, మా ఆఫీసు వెనక నుంచి ఒక గద్ద లేచింది. వెంటనే ఇంకొకటి. చూస్తుండగానే గుంపు కట్టి చక్కర్లు కొట్టడం మొదలుపెట్టాయి.

"ఏమిటమ్మా అవి?" అన్నారు రామనాథం గారు.

"దారి తప్పినట్టున్నాయండీ," అన్నాడు అప్పారావు, ఎవరూ అడక్కుండానే.

మేడం ఒక్క క్షణం ఆఫీసు వైపు చూసి నుదురు కొట్టుకుంది. భీమిలి తీరంలో చుట్టం ఇంటికొచ్చి చేప లేకుండా వెళ్లడమంటే ఆ ఇంటికే తలవంపు. ఢిల్లీ వాళ్లొస్తున్నారని మేడమే తన తమ్ముడికి కబురుపెట్టింది. అతను పొద్దున వేటలో పడ్డ వంజరాలు గంపకెత్తి పంపాడు. ఆఫీసు వెనక దించిన ఆ గంపలో ఐసు కరిగింది, మూత జారింది. ఇన్నాళ్లు ఊరందరి చేపలకీ మూతలు వేయించిన మనిషి సొంత గంప సంగతి మరిచిపోయింది!

దాచేస్తుందేమో అనుకున్నాను. ఆవిడ పకపకా నవ్వింది. "దారి తప్పలేదు సార్. నా కోసమే వచ్చాయి. అది నేను మీకోసం తెప్పించిన చేపల గంప. తప్పు నాది. ఒక్క గంపకే ఇన్ని వస్తే మీరు భయపడటంలో తప్పేముంది? మీ స్థానంలో నేనుంటే నేనూ అనుమతివ్వను." అప్పారావు కళ్లు మూసుకున్నాడు. మా ఉద్యోగాలు ఆ గద్దల కాళ్లకు చిక్కి ఎగిరిపోతున్నట్టే ఉంది నాకు. ఆవిడ ఆగలేదు. "ఇప్పుడా గంపకి మూతేసి బండెక్కించి పంపేస్తాను. మీరు ఇక్కడే నిలబడి చూడండి. తిండి లేనిచోట గద్ద ఎంతసేపుంటుందో మీ కళ్లతో చూశాకే వెళ్లండి."

గంప వెళ్లింది. మేమంతా మెడలెత్తి నిలబడ్డాం. గద్దలు కాసేపు వెతికాయి. ఒకటి విసుగొచ్చినట్టు కొండ వైపు మళ్లింది, దాని వెనకే మిగతావి. ఆకాశం ఖాళీ అయింది. నాకు గట్టిగా అరవాలనిపించింది! టీ తాగి వెళ్లాల్సిన కమిటీ పొద్దు వాలేదాకా అక్కడే ఉండిపోయింది. అప్పుడు బురద నేలల వైపు కొంగలు బారులు తీరి వచ్చాయి. ఎవరూ అడగకముందే మేడం వాటిని చూపించింది. "వీటిని మాత్రం నేను ఆపలేను సార్. ఇవి ఇళ్లకెళ్లేవి. ఈ కాసేపూ మాకొద్దు. ఇవి గూళ్లకి చేరాకే మా విమానం దిగుతుంది. అలాగే రాయండి."

రామనాథం గారు ఆ రోజు మొదటిసారి నవ్వారు. "మేం చెప్పాల్సినవన్నీ మీరే చెప్పేస్తే, ఇక మేమేం చెప్పాలమ్మా?"

"సరే అనండి సార్, చాలు."

ఆయన అక్కడికక్కడ సరే అనలేదు, చేపలు కూడా పుచ్చుకోలేదు. ఆ వంజరాల పులుసు మేమే తిన్నాం. పరీక్షగా నడుపుకోమని అనుమతి వచ్చింది. మొదటి సాయంత్రం విమానం దిగుతుంటే చూడ్డానికి భీమిలి నుంచి మేడం వాళ్ల పేటంతా లారీలో దిగింది. కొంగలు వెళ్లిపోయాయి. రన్‌వే దీపాలు ఒక్కసారి వెలిగాయి. కొండల మీదుగా ఒక చుక్క మెరిసి, పెరిగి, రెక్కలు విప్పి, మా ముందు దిగింది. అప్పారావు ఏడ్చేశాడు. మేడం నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుని, "వొచ్చేసిందే పద్దూ, వొచ్చేసింది!" అని ఒకటే అనడం. స్టేషన్ మూయలేదు.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు విమాన సంస్థల తరఫున ప్రభుత్వంతో వాదించడం నా ఉద్యోగం. ఏ విచారణకు వెళ్లినా, పన్నుల గొడవైనా వేళల గొడవైనా, మొదట అవతలివారి మాట చెప్పి గానీ నా మాట మొదలుపెట్టను. కొత్తగా చేరినవాళ్లకు లేచి నా కుర్చీ ఇస్తాను. మేడం లేని లోటు తీరదు గానీ, అలా లేచిన ప్రతిసారీ ఆవిడ పక్కనే నిలబడినట్టుంటుంది.

విమానం కదలబోతోంది. పక్క కుర్రవాడు ఇంకా ముక్కు మూసుకునే ఉన్నాడు. "రూలు అడుగుదాం బాబూ, అది నా పనే. ముందు ఆవిడ తరఫున నువ్వు మాట్లాడు. ఆ చేపలు ఎందుకు తెచ్చి ఉంటుంది?" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. తర్వాత ముందుకు వంగి ఆవిడనే అడిగాడు.

"మనవరాలు నీళ్లోసుకుంది బాబూ. అన్నం సయించట్లేదంట. నెత్తళ్లయితే రెండు ముద్దలు తింతానంది. ఏటి సెయ్యమంటావు?" అందావిడ.

వాడు ముక్కు మీంచి చెయ్యి తీసేశాడు. హైదరాబాదులో దిగాక చూస్తే, ఆ సంచి వాడి భుజం మీద ఉంది.