లాన్‌వెరిన్‌లో రెండు నల్ల మెట్లు

చదువైపోయింది, ఉద్యోగం రాలేదు, వీసా ఆగస్టు నెలాఖరుతో సరి. ఇలాంటి పరిస్థితి వస్తే మా బర్మింగ్‌హామ్ ఫ్లాట్‌లో కుర్రాళ్ళు చివరిసారిగా లండన్ వెళ్ళి, పెద్ద గడియారం ముందు ఫొటో దిగి వచ్చి సూట్‌కేసు సర్దుకుంటారు. నేను వేల్స్‌లో పియానో ఉత్సవానికి బయలుదేరాను. ఇది 2013 సంగతి. ఎందుకని అడిగిన వాళ్ళందరికీ టికెట్ చవగ్గా దొరికిందని చెప్పాను. అంత చవకేమీ కాదు.

తెనాలి దగ్గర మా చర్చిలో ఎనిమిదో తరగతి నుంచి నేనే కీబోర్డు వాయించేవాణ్ణి. ఏ కంపెనీ కీబోర్డయినా ఆన్ చేయగానే తెర మీద మొదట కనిపించేది 001, గ్రాండ్ పియానో. ఆ శబ్దంతోనే పెళ్ళిళ్ళు చేయించాను, మనుషుల్ని సాగనంపాను, క్రిస్మస్‌లు గట్టెక్కించాను. అసలు గ్రాండ్ పియానోను మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. ఫొటో చూసి పదేళ్ళు కాపురం చేసినట్టన్న మాట. దేశం వదిలేలోపు ఆ మనిషిని ఒక్కసారి ఎదురుగా చూడాలనిపించింది.

వేల్స్ చిన్న దేశం, అందులో లాన్‌వెరిన్ మరీ చిన్న ఊరు. ఏటా వేసవిలో అక్కడ శాస్త్రీయ పియానో కచేరీలు జరుగుతాయి. ఎక్కడెక్కడి నుంచో పేరున్న వాళ్ళు వచ్చి వాయిస్తారు. నన్ను పట్టుకున్నది వాళ్ళు కాదు, వెబ్‌సైట్లో అడుగున ఉన్న ఒక చిన్న వాక్యం. శనివారం ఉదయం వేదిక మీది పియానోను ఎవరైనా వచ్చి ఐదు నిమిషాలు వాయించుకోవచ్చు, ముందుగా పేరివ్వాలి. ఆ వాక్యాన్ని నాలుగు సార్లు చదివి పేరిచ్చాను.

ఆదివారం ప్రార్థనకు కలిసే మా తెలుగు ఫెలోషిప్‌లో ఈ మాట జారవిడిచాను. కరుణ ఆంటీ పట్టేసుకున్నారు. ఆమెది గుంటూరు, ఇక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సు. ఫెలోషిప్‌లో పాట ఎత్తుకునేది ఆవిడే.

"ఆ శుక్ర, శనివారాలు నాకు డ్యూటీ రోటాలో ఆఫ్. నేనూ వస్తా," అన్నారు.

"దూరం ఆంటీ. బస్సు కూడా ఎక్కాలి."

"నేనేమన్నా మంచమెక్కానా బస్సెక్కకుండా ఉండటానికి?"

అలా యాత్రికులం ఇద్దరమయ్యాం.

శుక్రవారం ఉదయం పదిన్నర ప్రాంతంలో న్యూ స్ట్రీట్ స్టేషన్లో రైలెక్కాం. వెనక వచ్చేవారికి సూచన: రైలు ఎడమవైపు కూర్చోవాలా, కుడివైపు కూర్చోవాలా అని ఆలోచించనక్కర్లేదు. రెండు వైపులా గొర్రెలే. ష్రూస్‌బరీ దాటి కాస్త పోయాక బోర్డుల మీద ఇంగ్లీషు, వెల్ష్ రెండు భాషలు మొదలవుతాయి. అక్కడ దేశం మారినట్టు లెక్క. ఇంకే తేడా ఉండదు, గొర్రెలకైతే అసలే తెలియదు.

ఆంటీ పన్నెండు కాకముందే చపాతీలు, గుడ్డు పొరటు విప్పారు. బోగీ మొత్తానికి విషయం తెలిసిపోయింది. ఎదురు సీట్లో ఒళ్ళో కుక్కతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కుక్క ఆంటీని దేవుణ్ణి చూసినట్టు చూస్తోంది.

"దానికి ఉల్లిపాయ పడదు," అంది పెద్దావిడ. "లేకపోతే అదే మీతో వచ్చేసేది. ఎంతవరకు?"

లాన్‌వెరిన్ అని చెప్పాను. నా ఉచ్చారణ విని ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పియానోకేనా అని అడిగింది. వాళ్ళది ఆ పక్క ఊరే. ఆ హాల్లో పియానోను ఎవరో పెద్దమనిషి దానం చేయలేదట. ఊరు ఊరంతా ఏళ్ళ తరబడి కేకులు అమ్మి కొనుక్కున్నారట. అందుకే శనివారం పొద్దున అది అందరిదీ.

"నేను చేసిన కేకులతో ఒక కాలన్నా వచ్చి ఉంటుంది. ఎడమ కాలనుకుంటా. వాయించేటప్పుడు జాగ్రత్త," అంది.

న్యూటౌన్‌లో దిగాం. పేరే కొత్త, ఊరు పాతదే. అక్కడి నుంచి బస్సు ఒంటిగంటకు. ఆదివారం బస్సులు లేవు, గమనించగలరు. కొండల మధ్య ముప్పావుగంట తిప్పి లాన్‌వెరిన్‌లో వదిలాడు. ఒకటే వీధి, మూడు చర్చిలు, ఒక చేపల దుకాణం, హాలు. బస మేడ మీద రెండు చిన్న గదులు ఇచ్చే ఇంట్లో. ఇంటావిడ మమ్మల్ని చూసి, తల్లీ కొడుకులా అని అడిగింది.

"నా కొడుకైతే ఇంత వాగనిస్తానా," అన్నారు ఆంటీ ఇంగ్లీషులో. ఇంటావిడ నవ్వి ఇంకో టవల్ ఇచ్చింది.

ఏడున్నరకు కచేరీ. విద్యార్థి టికెట్టు కాబట్టి స్తంభం వెనక సీటు. వాయించే ఆయన నాకు కుడి మోచెయ్యిగా మాత్రమే పరిచయం. కానీ చెవులకు స్తంభం అడ్డు రాలేదు.

ఏం విన్నానో చెప్పడం కష్టం, ప్రయత్నిస్తాను. కీబోర్డులో మెట్టు నొక్కి పట్టుకుంటే శబ్దం అలా నిలబడి ఉంటుంది. అది చాలక దాని కింద వయొలిన్ల శబ్దం కూడా కలుపుతాం, ఎక్కడా ఖాళీ రాకూడదని. ఇక్కడ అలా కాదు. మోచెయ్యి కదిలింది, ఒక స్వరం పుట్టింది, పుట్టిన క్షణం నుంచే వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని ఆపే ప్రయత్నమేమీ చేయలేదు. హాలంతా కలిసి అది వెళ్ళిపోవడం విన్నాం. పూర్తిగా పోయిందనుకున్నాక కూడా పైకప్పు దగ్గర కాస్త మిగిలింది. 001లో ఇదంతా తీసేసి ఇచ్చారని నాకెవరూ చెప్పలేదు.

పక్కకు చూస్తే ఆంటీ కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఏసీ పడలేదురా," అన్నారు.

ఆ హాల్లో ఏసీ లేదు. అయినా నాక్కూడా పడలేదనే చెప్పాను.

ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. మంచం పట్టీ మీద వేళ్ళతో నా పాట వాయించుకుంటూ పడుకున్నాను. ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. నాకు తెల్ల మెట్ల మీద మాత్రమే వాయించడం వచ్చు. పాడేవారి శ్రుతి ఏదైనా సరే, కీబోర్డుకు ఎడమ పక్కన ఒక బటన్ ఉంటుంది. అది కావలసినన్ని సార్లు నొక్కితే కీబోర్డే జరిగి వాళ్ళ శ్రుతికి వస్తుంది; నా వేళ్ళు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. నల్ల మెట్లు నాకు మా వీధి చివర ఇళ్ళలాంటివి. ఉన్నాయని తెలుసు, లోపలికి వెళ్ళింది లేదు. అందుకే తెల్ల మెట్లకు సరిపోయే ఒక చిన్న పాటను నెల రోజులు సాధన చేసి ఉన్నాను. ఒంటరిగా వాయించడానికి.

శనివారం పదింటికి హాలు చేరాం. ముందు వరుసల్లో పాతికమంది ఉన్నారు. వేదిక పక్కన ఎర్ర టై కట్టుకున్న ఒక తాతగారు వరస ప్రకారం పేర్లు పిలుస్తున్నారు. ఒక స్కూలు టీచరు, తర్వాత చేపల దుకాణం ఆయన. ఆయన చేతులు చూసి తక్కువ అంచనా వేశాను, అంచనా సరిగ్గానే ఉంది. తర్వాత నా పేరు.

వేదికెక్కి కూర్చున్నాను. పియానో మూత లోపలి వైపు నా మొహం కనిపిస్తోంది, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా ఉంది. చేతులు తెల్ల మెట్ల మీద పెట్టాను. చల్లగా ఉన్నాయి. అప్పుడు పక్కన ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆంటీ. హ్యాండ్‌బ్యాగు కుర్చీలో పెట్టి, చున్నీ సర్దుకుని, పియానో వంపులో నిలబడి ఉన్నారు. నేను వాయించడం, ఆమె పాడటం మూడేళ్ళుగా జరుగుతున్నదే. ఇవాళ వేరే అని ఆమెకు తట్టనే లేదు. నేనూ చెప్పలేదు.

మా ఫెలోషిప్‌లో పద్ధతి ఏమిటంటే, ఆమె పాట ఎత్తుకుంటారు, నేను వెనక పట్టుకుంటాను. ఆమె ఎత్తుకున్నారు. నా ఎడమ చెయ్యి అలవాటుగా పక్కకు వెళ్ళింది, బటన్ కోసం. నున్నటి నల్ల చెక్క తగిలింది. ఇంకా పక్కకు తడిమాను. చెక్కే.

"ఆంటీ, ఒక్క నిమిషం," అన్నాను గుసగుసగా.

ఆమె ఆగి నా వైపు వంగారు. "ఏందిరా?"

"మీ శ్రుతికి ఇది కుదరదు. దీనికి బటన్ లేదు."

"బటన్ లేకపోతే ఏళ్ళు లేవా నీకు?"

"ఉన్నాయి. వాటికే రాదు."

ఆమె నన్ను చూశారు, తర్వాత జనాన్ని చూశారు. తాతగారు మర్యాదగా పైకప్పు చూస్తున్నారు. టైము పోతోంది. ఆంటీ, మీరు కూర్చోండి, ఇది నా పాట అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె ఏమీ అనుకునేవారు కాదు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా.

"నేను దిగిపోనా జోయెల్?" అన్నారు. అడిగిన తీరు మామూలుగానే ఉంది. కానీ చెయ్యి పియానో అంచు మీద నుంచి తీయలేదు.

"ఎందుకు దిగడం? మళ్ళీ ఎత్తుకోండి."

ఎత్తుకున్నారు. ఆమెది ఐదున్నర శ్రుతి. ఆ స్వరం ఎక్కడుందో వెతికితే ఒక నల్ల మెట్టు కింద దొరికింది. దాని జోడు, పంచమం, ఇంకో నల్ల మెట్టు. రెండూ కలిపి నొక్కాను. నొక్కగానే తెలిసింది, మెట్టుకు బరువుంది. మా కీబోర్డు మెట్లు గాలిలో దిగుతాయి. ఇది వేలికి ఎదురు నిలిచి, సరే నీ ఇష్టం అన్నట్టు లొంగి, లోపల ఎక్కడో ఏదో కదిలి, అప్పుడు పలికింది. కడుపులోకి తగిలింది. తర్వాత నిన్న రాత్రి లాగే వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. పోనిచ్చాను. పూర్తిగా పోయే ముందు మళ్ళీ నొక్కాను.

పాట మొత్తం అంతే. లక్షల విలువ చేసే పియానోను తంబూరా చేసి పడేశాను. ఆంటీ మాత్రం ఎన్నడూ లేనంత నెమ్మదిగా పాడారు. ప్రతి చరణం చివరా ఆగి, ఆ రెండు స్వరాలు సన్నబడే దాకా విని, అప్పుడు తర్వాతది అందుకున్నారు. ఫెలోషిప్‌లో నేను ఆమెకు అంత ఖాళీ ఎప్పుడూ ఇచ్చి ఉండను.

పాట అయిపోయింది, టైమూ అయిపోయింది. చప్పట్లు కొట్టారు. చేపల దుకాణం ఆయనకు కొట్టినంత కాదు, ఆయన లోకల్.

దిగేటప్పుడు తాతగారు నన్ను ఆపారు. "ఎనభై ఎనిమిది మెట్లున్నాయి బాబూ. మీకు ఒక్కటే చాలిందా?"

"రెండండీ."

"ఓ, క్షమించండి."

ఇంకొక్కసారి అవకాశం ఉంటుందా అని అడిగాను. పన్నెండు దాకా పేర్లు నిండిపోయాయి, తర్వాత పియానోకు తాళం వేస్తారు. "వచ్చే ఏడు రండి. మీ పేరు ముందే రాసుకుంటాను," అన్నారు. తప్పకుండా అన్నాను. నా వీసా సంగతి ఆ తాతగారి నెత్తిన వేయడం బాగుండదు.

బయట బస్టాండు బెంచీ మీద కూర్చున్నాక ఆంటీకి ఏదో తట్టింది.

"నువ్వు వేరే పాట నేర్చుకున్నావుగా? నెల్రోజుల నుంచి టకటక కొడుతున్నావని మీ ఫ్లాట్‌వాడు చెప్పాడు."

"చిన్నదిలెండి ఆంటీ."

"నీ టైమంతా నేను తినేశానే."

"పర్లేదు. నేనైతే ఇంతకన్నా చెడగొట్టేవాణ్ణి."

"అది నిజమేలే," అన్నారు. కాసేపయ్యాక, "నాకు చెప్పొచ్చుగా," అన్నారు. బస్సు వస్తోందేమోనని లేచి రోడ్డు చివరిదాకా చూశాను.

వెళ్ళాలనుకునేవారికి చివరగా రెండు మాటలు. ఊరు బాగుంది, మనుషులు మంచివాళ్ళు, చేపల దుకాణంలో చిప్స్ మీద వెనిగర్ వాళ్ళే పోసేస్తారు, ముందే వద్దనండి. ఒకసారి ముట్టుకుంటే ఆ కోరిక తీరిపోతుంది, తేలిగ్గా విమానం ఎక్కొచ్చు అనుకుని మాత్రం వెళ్ళకండి. నేను అలాగే అనుకుని వెళ్ళాను. ఇంకా ఎనభై ఆరు మిగిలిపోయాయి.

సాయంత్రం నాలుగున్నర రైలు. ష్రూస్‌బరీ దాటాక కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఎదుట ఆంటీ కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోయారనుకుని, సీటు ముందున్న టేబుల్ అంచు మీద రెండు వేళ్ళు పెట్టి మెల్లగా నొక్కాను. అది దిగలేదు.

"కొంచెం పైన," అన్నారు ఆంటీ కళ్ళు తెరవకుండానే.

వేళ్ళు పైకి జరిపాను. ఆమె లోగొంతుతో అందుకున్నారు, అదే ఐదున్నర. నేను నొక్కి, పోనిచ్చి, మళ్ళీ నొక్కుతున్నాను. టికెట్లు చూసే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎడమ చేత్తో జేబులోంచి తీసి ఇచ్చాను. కుడి చెయ్యి ఖాళీగా లేదు.